అరవై రెండు కిలోలు

భివండీ, అంజూర్ ఫాటా. బండ్లలో సామాను పెట్టే రాకులు బిగించే దుకాణం ముందు కొత్త ఎలక్ట్రిక్ వ్యాను వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. మరమగ్గాలు రిపేరు చేసే అంకుశం, అతని చెల్లెలి కొడుకు సంపత్, తండ్రి దుకాణం చూసుకునే దీపాలి.

"ఇనుముదే మంచిగుంటదిరా సంపతూ. నలభై ఏండ్ల సంది ఇనుముతోనే పని. అది ఎక్కడ వంగుతదో, ఎక్కడ ఇరుగుతదో నాకు ఎరుక."

"మామా, ఇనుము వద్దని పొద్దుగాల సంది మొత్తుకుంటున్న. బరువు మామా, బరువు. ఇది బ్యాటరీ బండి. డీజిల్ బండి లెక్క ఎంతంటే అంత ఎయ్యరాదు."

"ఏస్తే ఏమైతది? మొరాయిస్తదా?"

"చార్జింగు జల్ది దిగుతది. నార్పోలి పోయి నాగావ్ వచ్చేసరికి రోడ్డు మీద కూసుంటది. దీపాలీ, నువ్వే జర సమజ్ చెయ్యి మా మామకు."

"సునో కాకా. మీరు చూపిస్తున్న ఇనుప రాకు మొత్తం బిగిస్తే నూట నలభై కిలోలు. సామాన్ ఒక్కటి పెట్టకముందే. బండి మోసేది ఐదు వందల యాభై, మనుషులతో కలిపి. మీ సామాన్ మూడు వందల యాభై అంటున్నరు. ఇంక మిగిలేది ఎంత? పోనీ, ప్లైవుడ్ చూస్తరా?"

"..."

"కాకా? ప్లైవుడ్ చూపించాలా?"

"మామా, ప్లైవుడ్ చూస్తవా అని అడుగుతున్నది."

"ఆఁ, చూద్దాం చూద్దాం. బిడ్డా, నువ్వు ఇటు తిరిగి మాట్లాడు. టేపు పట్టుకొని బండి గోడకు చెప్తే నాకెట్ల తెలుస్తది?"

"సారీ కాకా. కొలుసుకుంట మాట్లాడే ఆదత్ నాకు. ప్లైవుడ్ అయితే ఎనభై కిలోల దాక అయితది. సస్తా కూడా, పైసలు తక్కువ."

"వద్దు. మాది నూనె సామాను. చక్రాలు, తోలు పట్టాలు, పికర్లు, అన్నిటికి నూనె కారుతది. చెక్క తాగుతది. ఒక్క వానకాలం పోతే ఉబ్బి కూసుంటది."

"గందుకే అల్యూమినియం అంటున్న మామా."

"గదేందిరా, పట్టుకుంటే పాపడం లెక్క ఉన్నది."

"హల్కా ఉంటది కాకా, కానీ మజ్బూత్. మొత్తం యాభై ఐదు కిలోలే. అరలు జర వెనక్కి వంచుతం, ముందర అంచు కడతం. బ్రేక్ కొడితే సామాన్ కింద పడదు. బరువైనవి కింద, చక్రాల నడుమ. హల్కావి పైన. మేము కొరియర్ వాళ్లకు, కరెంట్ పని వాళ్లకు ఇవే బిగిస్తున్నం."

"వాళ్లవి వైర్లు. మావి బీడు ఇనుము చక్రాలు. ఏదీ, జరగు. చెయ్యి పెట్టనియ్యి. బండి నూకు సంపతూ, జర ఊపు. ఆ, గట్లనే. ఇగో ఇక్కడ. ఈ మూల వణుకుతున్నది."

"నాకేం చప్పుడు రాలే కాకా."

"చప్పుడు తర్వాత వస్తది, వణుకు ముందు వస్తది. ఈ రివెట్లు మన గల్లీల గుంతలకు నెల రోజులు ఆగయి. రివెట్లు తీసెయ్యి. నట్టు బోల్టు పెట్టు, కింద రబ్బరు వాషరు ఎయ్యి."

"చెయ్యి పెట్టంగనే తెలిసిందా మీకు?"

"అలవాటు బిడ్డా."

"మా మామ అంటే ఏమనుకున్నవ్ దీపాలీ. నాగావ్‌ల ఏ కార్ఖానాల అడిగినా చెప్తరు."

"ఇప్పుడు పొగుడుడు బంద్ చేసి లెక్క ఇను. ఇనుముది నూట నలభై. ఇది యాభై ఐదు. ఎంత మిగిలింది?"

"ఎనభై ఐదు మామా."

"నా బరువు ఎంత? మొన్న దవాఖానల చూసిండ్రు. అరవై రెండు. నేను ఎక్కినా ఇంకా ఇరవై మూడు కిలోలు నీ బండికి లాభమే. బిడ్డా, అల్యూమినియమే రాసుకో! నాకు ఇష్టం లేదు, అయినా రాసుకో. నా కోసమే ఇనుము ఇడుస్తున్న."

"పక్కా కదా కాకా?"

"పక్కా. నాకు మోకాళ్లు పోయినయి. సంచి ఏసుకొని సైకిల్ తొక్కుడు ఇంక నాతోని కాదు. ఈ బండి వస్తే డ్రైవరు పక్కన కూసుంట, కాళ్ల కాడ నా పానాల డబ్బా. కార్ఖానా ముందు దిగుడు, పని చేసుడు, ఎక్కుడు. ఇంకో పదేండ్లు పని చేస్త. ఏమంటవ్ అల్లుడా?"

"ఆఁ మామా."

"ఏందిరా గట్ల మెల్లగంటవ్?"

"ఏం లేదు. నేను లోపలికి పోయి కాయిదం రాపిచ్చుకొస్త. నువ్వు ఈడనే నీడకు కూసో. చాయ్ చెప్త."

దుకాణంలో అద్దాల గది. సంపత్, దీపాలి. బయట వ్యాను పక్కన స్టూలు మీద అంకుశం చాయ్ తాగుతున్నాడు.

"తలుపు ఎయ్యి దీపాలీ."

"ఎందుకన్నా? ఫ్యాన్ కూడా సరిగ తిరగదు ఇక్కడ."

"ఎయ్యి, చెప్త. మామ ముంగట చెప్పలేకపోయిన. రాసుకో. డ్రైవరు పక్క సీటు తీసెయ్యాలె. ఆ జాగల కూడా రాకు బిగించాలె."

"అర్రే, సీటు తీసేస్తే కాకా ఎక్కడ కూర్చుంటడు?"

"మామ రాడు."

"రాడా? ఇప్పుడే తన కిలోలు కూడా లెక్క పెట్టుకున్నడు కదా!"

"గందుకే తలుపు ఎయ్యమన్న."

"ఆయనకు తెలీదా?"

"బండి తయారైనంక చెప్త. ఎట్లనో ఒకట్ల చెప్త. నువ్వు మాత్రం అనకు."

"ఇది బరోబర్ కాదన్నా. ముసలాయన ఎంత ఖుష్ ఉన్నడు."

"మామకు చెవులు పోయినయి దీపాలీ. నాలుగేండ్లయింది. నలభై ఏండ్లు మరమగ్గాల సాంచెల నడుమ ఉంటే ఇంకేం మిగుల్తది? నువ్వు టేపు పట్టుకొని అడిగితే పలికిండా?"

"నాకూ డౌట్ వచ్చింది. మరి పని ఎట్ల చేస్తడు? సాంచె చప్పుడు ఇనే కదా రిపేర్?"

"నేను ఇంట. కుడి దిక్కు దడదడ అంటున్నదని నోటితోని చూపిస్త. ఆయన చెయ్యి పెట్టి పట్టుకుంటడు. నా చెవులు, ఆయన చేతులు. ఎవ్వలికి చెప్పొద్దని మా అమ్మ మీద ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

"మరి మంచిగనే నడుస్తున్నది కదా."

"నడిచింది. ఇప్పుడు కార్ఖానా సేట్లందరికి తెలిసిపోయింది. నువ్వొక్కనివే రా, మీ మామను తీసుకరాకు అంటున్నరు. రెండు నెలల సంది గదే మాట."

"సేట్లకు ఎవరు చెప్పిండ్రు? అన్నా, నువ్వేనా?"

"రాసుకో దీపాలీ. పక్క సీటు తీసెయ్యాలె అని రాయి. సంతకం పెడ్త."

"కాకా ఇటే చూస్తున్నడు."

"చూడనీ. అద్దం అవతలికి ఏం ఇనబడ్తది?"

మళ్లీ బయట, వ్యాను పక్కన ముగ్గురూ.

"అయ్యిందా అల్లుడా?"

"అయ్యింది మామా. వారం రోజులల్ల ఇస్తరట."

"ఏం రాపిచ్చినవ్?"

"అదే, అల్యూమినియం. నువ్వు చెప్పినట్టే నట్టు బోల్టు, రబ్బరు వాషర్లు."

"ఇంకా?"

"ఇంకేముంటది?"

"పక్క సీటు?"

"సీటుకేమైంది మామా?"

"నన్నడుగుతవేందిరా? రాపిచ్చింది నువ్వు."

"ఎండ కొడుతున్నది మామా, పోదాం పా..."

"కూసో."

"మామా, ఇంటికాడ అత్త ఎదురు..."

"కూసో అన్న. దీపాలీ, నువ్వు గూడ ఉండు బిడ్డా, నీ తప్పేం లేదు. సంపతూ, ఒక మాట చెప్పు. సాంచెలు నడుస్తుంటే కార్ఖానాల మనిషి మాట ఇనబడ్తదా?"

"ఇనబడదు."

"చెవులు మంచిగున్నోనికి?"

"ఎవ్వనికి ఇనబడదు."

"మరి మనం ఎట్ల మాట్లాడుకుంటం? పెదవులు చూసి. పది సాంచెల అవతల ఉన్నోడు నన్ను తిట్టినా నాకు తెలుస్తది. నీకు గది నేర్పింది ఎవడు?"

"నువ్వే మామా."

"నేర్చుకున్నోనివి, అద్దం వెనక పోయి, నా దిక్కే మొఖం పెట్టి మాట్లాడితివేందిరా? తలుపు ఏపిచ్చినవ్. చెవులకు తలుపు ఏపిచ్చినవ్. నా కండ్లు ఏడికి పోయినయనుకున్నవ్?"

"కాకా, నేను వద్దన్న. మీకు అది కూడా కనపడి ఉంటది."

"కనపడ్డది బిడ్డా. బరోబర్ కాదు అన్నవ్. గంత మాట నా చెల్లె కొడుకు నోట్లకెళ్లి రాలె."

"మామా, బండి తయారైనంక చెప్దామనే..."

"మామ రాడు అన్నవ్. నేను చాయ్ నోటికాడ పెట్టుకొని నీ పెదవులే చూస్తున్న. ఒక్క జర ఆగుతవేమో అనుకున్న. ఆగలె. మామ రాడు. ఎంత సులువుగ వచ్చిందిరా నీకు ఆ మాట?"

"సులువుగ రాలె మామా."

"ఎనభై ఐదు కిలోలు మిగిలింది. నేను అరవై రెండు. ఇంత బండిల రాకులకు జాగున్నది, నట్లకు, బోల్టులకు జాగున్నది, నాకు లేదా?"

"బరువు సంగతి గాదు."

"మరి పొద్దుగాల సంది బరువు బరువు అని నన్నెందుకు తిప్పినవ్? నాతోని ఎందుకు లెక్క చేపిచ్చినవ్? ఇంకో పదేండ్లు పని చేస్త అని మొత్తుకుంటుంటే ఆఁ మామా అంటివి."

"అప్పుడు ఏమనాలె నేను?"

"వద్దు మామా అనాలె! నీ మొఖం మీద మన్ను పొయ్య, వద్దు మామా అని ఒక్క మాట అనాలె. గంతే."

"సేట్లు వద్దంటున్నరు."

"ఎందుకు? తల దించుకొని చెప్తే నాకు తెల్వదు. మొఖం ఎత్తి చెప్పు."

"నీకు ఇనబడదని తెలిసింది వాళ్లకు."

"ఎట్ల తెలిసింది?"

"ఎట్లనో తెలిసింది."

"ఎట్లనో ఏందిరా? ఈ లోకంల నేను ఒక్కనికే చెప్పిన. చెవుల డాక్టర్ కాడికి గూడ పోలె, పోతే చీటీ రాస్తడు, చీటీ ఇంట్ల దొరుకుతదని. నీకు ఒక్కనికే చెప్పిన. మీ అమ్మ మీద ఒట్టు పెట్టిచ్చిన. ఇంక సేట్లకు ఎట్ల తెలుస్తది? సాంచెలు చెప్పినయా?"

"మామా, ఇడిచిపెట్టు."

"నాగావ్‌కెళ్లి ఫోన్లు ఎందుకొస్తలేవురా అంటే, ఈ నడుమ బేరాలు లేవు మామా అంటివి. రెండు నెలలు. నేను పొద్దున లేస్తే పానాలకు నూనె పెట్టుకొని కూసున్న. ఫోన్ నీకాడ, చెవులు నీకాడ. నువ్వు ఏం చెప్తే అది ఇన్న. చెప్పు. సేట్లకు నువ్వే చెప్పినవా?"

"నేనే అనుకో."

"అనుకో ఏంది? చెప్పినవా, లేదా?"

"చెప్పిన. సరేనా? నేనే చెప్పిన. ఇంక పోదాం."

"కాకా, నీళ్లు తెస్తా. కాకా, ఇటు చూడండి. నీళ్లు తెచ్చేదా?"

"వద్దు బిడ్డా. పదహారేండ్లప్పుడు తెచ్చి నా ఇంట్ల దించిపోయింది వీళ్లమ్మ. పానా ఏ దిక్కు తిప్పాలెనో తెల్వదు వీనికి. నా ముగ్గురు ఆడపిల్లలు, నాలుగో పళ్లెం వీనిది. చెవులు పోయినప్పుడు ఇంక నా బతుకు అయిపోయిందనుకున్న. వీడు పక్కన నిలబడ్డడు. కొడుకు లేకున్నా దేవుడు అల్లుని రూపంల ఇచ్చిండనుకున్న. ఛీ."

"ఆ రోజు గుర్తుందా మామా? నాగావ్‌ల సాంచెల అటు ఇటు ఉరికే నాడె ఎగిరిన రోజు, రెండు నెలల కింద? ఒక్క సాంచెనే నడుస్తుండె, పది మంది మొత్తుకున్నరట. నువ్వు తిరగలె. అంత పొడుగు నాడె, ముందర ఇనుప ములికి. భుజానికి తగిలింది కాబట్టి బతికినవ్. కణతకు తగిలితే?"

"తగల్లేదు కదా."

"తగిలితే?"

"చస్తుంటి. పని చేసుకుంట చస్తుంటి, నలుగురు మంచిగ చెప్పుకుందురు. ఇప్పుడు నువ్వు చేసిందేంది? బతికుండంగనే పక్కకు పెట్టినవ్. గది మంచిదా?"

"నేను ఎంతసేపని చూడాలె? సాంచె చూడాలె, నిన్ను చూడాలె, ఎన్కకెళ్లి ఎవడొస్తున్నడో చూడాలె. ఆ రోజు నేను చాయ్‌కి పోయిన. అయిదు నిమిషాలే పోయిన. వచ్చేసరికి నువ్వు కింద పడి ఉన్నవ్. అప్పటి సంది నా కండ్లకు గదే కనపడ్తున్నది."

"గట్లయితే నాకు చెప్పు. నేను ఎవరిని? నీ మామను. మామా నాకు భయమైతున్నది, నువ్వు బండిల కూసో, పని నేను చేస్త అని చెప్తే కాదంటనా? బండిల కూసుంటుంటి. కూసొని చూస్తుంటి. సీటే లేకుండ చేస్తివి కదరా."

"అన్నా, సీటు ఉంచుదాం. ఇంకా పని మొదలుపెట్టలే. నేను కాయిదం చింపేస్తా."

"వద్దు బిడ్డా. చింపకు. బండి వానిది, కిస్తీలు వానియి, సీటు గూడ వాని ఇష్టం. అడుక్కొని ఎక్కిన సీట్ల నేను కూసోలేను. సంపతూ."

"చెప్పు మామా."

"సీటు తీసేసుకో. సేట్ల కాడికి నువ్వొక్కనివే పో. నేను ఇంక ఏమన. మీ అమ్మకు గూడ ఏం చెప్ప. ఒక్కటే అడుగుతున్న."

"ఏంది?"

"మీ అత్తకు తెల్వద్దు."

"అత్తకా?"

"నాలుగేండ్ల సంది ఒక్క అర్ర ఇంట్ల దాచుకుంట వచ్చిన. మీ అత్త చంద్రవ్వ బీడీలు చుట్టుకుంట మాట్లాడుతది, నేను ఎదురుంగ కూసుంట. వంట చేస్తుంటే పొయ్యి పక్కకు పోయి నిలబడ్త. ఈ వయసుల ఏంది నా ఎంట ఎంట తిరుగుతున్నవ్ అని నవ్వుతది. భుజం వాస్తే దర్వాజ తగిలిందన్న. నమ్మింది. మూడు రోజులు ఉప్పు కాపడం పెట్టింది. వాడకట్టుల ఆడోళ్లకు చెప్పుకుంటది, మా ఆయన గల్లీల నిలబడి చప్పుడు ఇని సాంచె రోగం చెప్తడని. ఆమె లెక్కల నేను ఇంకా ఇంటున్న. గదొక్కటి ఉండనియ్యి నాకు."

"మామా, మరి రోజూ ఇంట్ల కూసుంటే అత్త అడగదా?"

"కూసోను. పొద్దుగాల టిఫిన్ డబ్బా పట్టుకొని పనికి పోయినట్టే బయలెల్త. పద్మనగర్ గుడి కాడనో, బస్టాండ్లనో, ఏడనో కూసుంట. పొద్దుగూకినంక ఇంటికి పోత. నీకు ఫోన్ చేసి అడిగితే, మామ నా తోనే ఉన్నడు అని చెప్పు. గంతే. బరువైన పనేం కాదు."

"అట్ల ఎన్ని రోజులు కాకా?"

"నడిచినన్ని రోజులు బిడ్డా. ఏమిరా, చెప్తవా?"

"మామా, నన్ను ఏదన్న తిట్టు. రెండు దెబ్బలు కొట్టు. ఈ ఒక్కటి అడగకు."

"ఎందుకు? సేట్లకు చెప్పేటందుకు నోరొచ్చింది, ఇంట్ల నోరు మూసుకునేటందుకు రాదా? ఒట్టు పెట్టు."

"వద్దు మామా."

"ఒట్టు పెట్టురా! మీ అత్తకు తెల్వనియ్య అని ఒట్టు పెట్టు. గోడ దిక్కు చూస్తవేంది? నా దిక్కు తిరుగు. నాకు కనపడేటట్టు, నోరు తెరిచి చెప్పు."

"ఎట్ల పెట్టాలె మామా? నాడె తగిలిన మూడో రోజు కార్ఖానా కార్ఖానాకు తిరిగి, మా ఆయనకు చెవులు లేవు, ఆయన్ని పనికి పిలవకుండ్రి అని సేట్ల కాళ్లు పట్టుకున్నది అత్తనే."